బ్రాండో నాటకాలు మానేయడం నష్టమా, లాభమా?

రెండో ఆట:
'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్' నాటకం 1947 డిసెంబరులో న్యూయార్క్ నాటకశాలల పేట బ్రాడ్‌వేలో మొదలయ్యేనాటికి అమెరికన్ నటుడు మార్లన్ బ్రాండోకి 23 ఏళ్లు. ఆ ఒక్క నాటకంతో పేరు మోగిపోయింది. తర్వాత సినిమాలకి వెళ్లిపోయి బ్రాడ్‌వే గడప మళ్లీ తొక్కలేదు. 1953 వేసవిలో బెర్నార్డ్ షా నాటకం ఒకటి ఆడాడు, అంతే. చేతులారా చేసుకున్న నష్టం అంటాను నేను. మీరేమంటారు?

గోదారి గట్టు:
నష్టం ఎవరికండీ? అదే నాటకం 1951లో సినిమాగా వచ్చింది కాబట్టే మనం చూశాం. 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' సినిమాలో పార్కు సీను గుర్తుందా? ఆ అమ్మాయి చేతి గ్లవ్ జారిపడుతుంది. బ్రాండో తీసి ఇచ్చేయడు. దుమ్ము దులిపి, ఉయ్యాల మీద కూర్చుని, మాట్లాడుతూ మాట్లాడుతూ తన చేతికే తొడుక్కుంటాడు. ఆమె వెళ్లిపోలేదు, గ్లవ్ అతని దగ్గరుంది మరి! బాల్కనీ చివరి వరసలో కూర్చున్నవాడికి ఆ వేళ్లు కనిపిస్తాయా?

రెండో ఆట:
కనిపించవు, ఒప్పుకుంటాను. కానీ 'గాడ్‌ఫాదర్' నాటికి ఏమైంది? డైలాగులు అట్టల మీద రాయించుకుని చూసి చెప్పాడు. తోటి నటుడు రాబర్ట్ డువాల్ గుండెల మీద అట్ట పెట్టుకుని నిలబడ్డ ఫోటో కూడా ఉంది. వారానికి ఎనిమిది ఆటలు ఆడేవాడికి ఈ వేషాలు కుదరవు.

తెర వెనుక:
మా ఊరి నాటకాలకి చాలా ఏళ్లు ప్రాంప్టింగ్ చెప్పాను. నేను మాట అందిస్తే తప్ప నోరు పెగలని నటుడికి ఈలలు, వన్స్‌మోర్‌లు పడటం కళ్లారా చూశాను. కంఠతా పట్టి అప్పజెప్పినవాడికి ఏమీ పడలేదు. మనిషి మాట్లాడేటప్పుడు మాట కోసం వెతుక్కుంటాడు, తెర మీదా అలాగే ఉండాలని బ్రాండో వాదన. బద్ధకానికి సాకు అయినా అయ్యుండొచ్చు. ఆ అట్టల సినిమాకే ఆస్కార్ వచ్చింది. తీసుకోలేదనేది వేరే కథ.

రెండో ఆట:
సరే, అట్టలు వదిలేద్దాం. 1953 'జూలియస్ సీజర్' సినిమాలో బ్రాండో ఆంటోనీ, జాన్ గీల్‌గుడ్ కాసియస్. షేక్‌స్పియర్ నాటకాల్లో తలపండిన గీల్‌గుడ్ స్వయంగా ఇంగ్లండ్ వచ్చి హామ్లెట్ వేయమని అడిగాడు. బ్రాండో వెళ్లలేదు. దీనికేమంటారు గట్టు గారూ?

గోదారి గట్టు:
ఇది మాత్రం నాకూ బాధే. అది చూడటానికైతే బాల్కనీ చివరి వరస టికెట్టయినా కొనేవాణ్ణి.