జాజ్ బేస్‌లో హమ్ పోవాలంటే పికప్‌లు మార్చాలా?

ప్రశ్న:
నా పాత జాజ్ బేస్ గిటార్‌లో ఒక పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) వాల్యూమ్ కాస్త తగ్గిస్తే చాలు, జుయ్‌మని హమ్ మొదలవుతుంది, తీగల మీద చెయ్యి పెడితే కొంచెం తగ్గుతుంది. కొత్త పికప్‌లు కొనాలా?

జవాబు 1:
ఇప్పుడే కొనకండి. రెండూ సింగిల్ కాయిల్ (ఒకే వైరు చుట్ట ఉన్న) పికప్‌లు, ఒకదానికొకటి వ్యతిరేక దిశలో చుట్టి ఉంటాయి కాబట్టి రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉంటేనే హమ్ రద్దవుతుంది. చెయ్యి పెడితే తగ్గుతోందంటే షీల్డింగ్ (బయటి కరెంటు గోల లోపలికి రాకుండా ఆపే లోహపు పొర) చాలట్లేదు. వైర్లుండే గుంతంతా రాగి రేకు అంటించి, ప్రతి అతుకు మీదా సోల్డర్ చుక్క వేసి గ్రౌండ్‌కి కలపండి. నాకు ఒక సాయంత్రం పట్టింది, తేడా మొదటి నోట్‌కే తెలిసింది.

జవాబు 2:
జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) కొస ఆ రాగి రేకుకి తగిలితే అసలు సౌండే రాదు, అక్కడ టేప్ వేయండి. ఇంకా మిగిలిన హమ్ కూడా వద్దనుకుంటే అప్పుడు స్ప్లిట్ కాయిల్ పికప్‌లు (ఒక్కోదాన్లోనే రెండు చుట్టలుండి హమ్‌ని రద్దు చేసేవి) చూడండి.