అక్క శ్రమ, తమ్ముడి నేల: కలిసి చేసే తోటకు ఒప్పంద పత్రం అవసరమా?

మునగపాదు: తాడిపత్రి దగ్గర మా పుట్టింటి ఊళ్ళో, ఇంటిని ఆనుకుని ఉన్న ఎకరం నేలలో తమ్ముడితో కలిసి పీకేఎం-1 రకం మునగ, కరివేపాకు, గట్ల వెంట నిమ్మ పెట్టి, మునగాకు పొడి, చెనక్కాయల పొడి, ఓళిగలు ఇంటి నుంచే అమ్మాలని అనుకుంటున్నాను. నేల, బోరు తమ్ముడివి. పెట్టుబడిలో సగం, పని మొత్తం నాది. పంపకం కాగితం మీద పెడదామంటే, అక్కాతమ్ముళ్ళ మధ్య రాతకోతలేమిటని నొచ్చుకున్నాడు. రాసుకోవాలా, వద్దా?

పెన్నఒడ్డు: వద్దమ్మా. అసలే వానలు తక్కువైన జిల్లా మనది; బోరు ఎండితే నష్టం నేలగలవాడిదే. మా చెల్లెలు ఇలాగే ముచ్చటపడి రాయించుకున్న కాగితాన్ని తర్వాత కోర్టులో నా ముందే పెట్టింది.

చీనీతోట: రాయకపోతే నష్టం అక్కకే. 1932 నాటి భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు లాభనష్టాలు సమానంగా పంచుకోవలసిందే కాక, భాగస్వామి చేసిన పనికి జీతం అడిగే హక్కు కూడా ఉండదు. తెల్లవారుజామున లేచి ఆకు దూసి, నీడలో ఆరబెట్టి, పొడి పట్టి, పొట్లాలు కట్టే మనిషికి పైసా అదనంగా రాదన్నమాట.

విశ్రాంతవిద్యుత్: పొడి పట్టే మరను ఎక్కడ పెడతారు? వ్యవసాయానికి ఇచ్చిన ఉచిత విద్యుత్తుతో, అంటే బోరు కనెక్షన్ మీద, మర నడపకూడదు.

చీనీతోట: ఇక్కడి ప్రశ్న మర గురించి కాదండీ.

విశ్రాంతవిద్యుత్: పట్టుబడితే జరిమానా కట్టేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారే కనుక, ప్రశ్న మర గురించే.

గోంగూరకట్ట: మునగ ఆరు నెలలకే కాపుకొస్తుంది, ఈ చర్చ తేలేలా లేదు.

పెన్నఒడ్డు: చీనీతోట గారూ, సెక్షన్లు చెప్పేవారికి ఇల్లు విరగడం కనబడదు. పాసుపుస్తకం తమ్ముడి పేరున ఉంది. ఆమెను తోటలోకి రానివ్వడమే అతని పెద్దమనసు.

చీనీతోట: పెద్దమనసా? పసుపుకుంకుమల కింద ఇంత ముట్టజెప్పి, మా అన్నలు నా చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకున్నప్పుడు కూడా ఇదే మాట అన్నారు. ఇప్పుడు అదే చీనీతోటకు కాయలు కొనడానికి వెళ్తున్నాను. మునగపాదు గారూ, సూటిగా అడుగుతున్నాను, ఆ ఎకరం ఎవరిది?

మునగపాదు: నాన్నగారిది. వీలునామా రాయకుండానే పోయారు. తర్వాత పాసుపుస్తకం తమ్ముడి పేరుకు మారింది. నేను దేని మీదా సంతకం పెట్టలేదు.

చీనీతోట: అలాగైతే "నేల తమ్ముడిది" అన్న మొదటి మాటే తప్పు. స్వార్జితమైనా, వీలునామా లేనప్పుడు హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకుతోపాటు కూతురూ, ఉంటే మీ అమ్మగారూ సమాన వారసులే. పిత్రార్జితమైతే కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చిన 2005 సవరణ ఉంది. సవరణ అమల్లోకి వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. రెవెన్యూ రికార్డులో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం మారదు.

పెన్నఒడ్డు: చూశారా, మునగ మొక్క నాటకముందే భాగం దాకా వచ్చారు! నేను భయపడింది దీనికే. అప్పులు తీర్చింది, అమ్మానాన్నలను చూసుకున్నది ఎవరని మా చెల్లెలూ అడగలేదు, మీరూ అడగరు.

చీనీతోట: అడుగుతాను. ఆ లెక్క కూడా అదే కాగితంలో రాయమంటాను.

విశ్రాంతవిద్యుత్: మరకు వేరే మీటరు తీసుకోవాలని కూడా రాయండి.

మునగపాదు: ఈ సంభాషణంతా తమ్ముడికి చదివి వినిపించాను. పొడుల అమ్మకం మీద వచ్చే లాభం ఎలా పంచుకోవాలో, నా పనికి నెలకు ఎంత తీసుకోవాలో రాసుకోవడానికి ఒప్పుకున్నాడు. తినే వస్తువులు అమ్మడానికి చేయించుకోవలసిన ఆహార నమోదు నా పేరున చేయించడానికీ సరేనన్నాడు. నేల మాట మాత్రం ఎత్తవద్దన్నాడు. ఎత్తకుండా సంతకం పెడితే నా వాటా వదులుకున్నట్లు అవుతుందా?

చీనీతోట: కాదు. కానీ నేల తమ్ముడిదని ఆ పత్రంలో ఒక్క వాక్యం కూడా ఉండకుండా చూసుకోండి.

పెన్నఒడ్డు: ఉండాలి.