డెల్టా రిపీటర్‌ను ఇంటర్నెట్‌కి కట్టాలా, వద్దా?

రాజోలు కుర్రోడు:
రావులపాలెం పక్కన మన హామ్ రేడియో వాళ్లు వేద్దామనుకుంటున్న రెండు మీటర్ల బ్యాండ్ రిపీటర్‌కి (చిన్న సెట్ల మాటని అందుకుని దూరానికి మళ్లీ పంపే స్టేషన్) ఎకోలింక్ (హామ్ స్టేషన్లని ఇంటర్నెట్ మీద కలిపే సాఫ్ట్‌వేర్) తగిలించాలా వద్దా అన్న గొడవ వాట్సాప్‌లో తేలలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. నా ఓటు తగిలించాలనే. నా దగ్గరున్నది 5 వాట్ల హ్యాండీ, అంటే చేతిసెట్టు. డాబా ఎక్కి లైసెన్సుతో వచ్చిన నా కాల్‌సైన్ ఎన్నిసార్లు చెప్పినా పలికేవాడు ఉండడు, చుట్టూ కొబ్బరితోటలు, ఎక్కి మాట్లాడదామంటే గుట్ట కూడా లేదు. లింకు ఉంటే ఇదే సెట్టుతో హైదరాబాద్ వాళ్లూ దొరుకుతారు, ఆస్ట్రేలియా వాళ్లూ దొరుకుతారు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న కుర్రాళ్లు కొన్నాళ్లకే సెట్టు బీరువాలో పడేస్తున్నారంటే ఊరికే కాదు.

పాలకొల్లు మాస్టారు:
తమ్ముడూ, ఆస్ట్రేలియా దాకా వెళ్లింది నీ సిగ్నల్ కాదు, సముద్రం కింది కేబుల్. పరదేశాల వాళ్లతో మాట్లాడినందుకు ఇచ్చే డీఎక్స్‌సీసీ అవార్డుకి మామూలు రిపీటర్ మీద చేసిన కాంటాక్టే చెల్లదు, ఇక ఇంటర్నెట్ సంగతి చెప్పాలా. సరే, సరదా అంటావు, కాదనను. నా భయం వేరే. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమలో తోటలకి తోటలే పడుకోబెట్టేసింది. 2014లో హుద్‌హుద్ వస్తే విశాఖలాంటి నగరంలోనే సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఇప్పుడు మన ఊళ్లలో ఫైబర్ తీగ ఎక్కడ వేలాడుతోందో ఒకసారి తలెత్తి చూడండి, చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదే. స్తంభం పడితే రెండూ ఒకేసారి పోతాయి. అసలు తుఫానే రానక్కర్లేదు, 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత నెట్ ఆపేస్తే ఇళ్ల దగ్గర నుంచి ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ఎంత అవస్థపడ్డారో మనందరికీ తెలుసు. అన్నీ పోయినప్పుడు పనికొచ్చేదాన్ని తీసుకెళ్లి, అన్నిటికంటే ముందు పోయేదానికి కట్టడమేంటండీ?

యానాం సోల్డరింగ్:
మాస్టారితో సగం ఏకీభవిస్తాను. ఇంకోటి కూడా ఉంది. ఎక్కడో ఎవడో ఫోన్లో యాప్ నొక్కి వాగింది మన రిపీటర్ నుంచి బయటికొస్తుంది. ఆ మాటకి జవాబు చెప్పుకోవాల్సింది లైసెన్సు ఎవరి పేరున ఉంటే వాళ్లు. ఎకోలింక్ వాళ్లు లైసెన్సు చూశాకే కాల్‌సైన్ ఒప్పుకుంటారు, నిజమే, అయినా అర్ధరాత్రి లింకు తెగ్గొట్టడానికి ఇక్కడ ఒక మనిషి ఉండాలి కదా. ఎవరుంటారు? ముందుగా లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ విభాగం డబ్ల్యూపీసీకి రాసి అడగండి, ఆ తర్వాతే యాంటెన్నా ఎక్కించండి.

రాజోలు కుర్రోడు:
మాస్టారూ, మీరు 40 మీటర్ల బ్యాండ్‌లో పొద్దున్నే కూర్చుని దేశమంతా పలకరిస్తారు. దానికి కావాల్సిన కొత్త హెచ్‌ఎఫ్ రిగ్ (షార్ట్‌వేవ్ సెట్టు) అంటే అరలక్ష పైమాటే, నేనింకా చదువుకుంటున్నానండి. పైగా పదిమంది రోజూ మాట్లాడని రిపీటర్ తుఫాను రోజున పనిచేస్తుందని ఏంటి గ్యారంటీ? బ్యాటరీ చచ్చిందో, యాంటెన్నా కేబుల్ కోఆక్స్‌లో నీళ్లు దిగాయో వాడేవాడుంటేనే తెలుస్తుంది.

కాకినాడ ఉప్పుగాలి:
కుర్రాడి ఆఖరి మాట కొట్టిపారేయకండి. మా డాబా మీద కనెక్టర్‌కి టేపు సరిగ్గా చుట్టకపోతే ఒక్క వానాకాలానికే లోపల పచ్చగా చిలుము పట్టేస్తుంది, సెట్టు మాత్రం పైకి బాగానే వెలుగుతూ ఉంటుంది. వాడకం లేకపోతే ఇవన్నీ తుఫాను రోజునే బయటపడతాయి.

నన్నడిగితే మీరిద్దరూ కట్టాలా వద్దా అని కొట్టుకుంటున్నారు గానీ, ఎక్కడ కట్టాలన్నదే అసలు విషయం. నోడ్‌ని, అంటే నెట్‌కీ రేడియోకీ మధ్య ఉండే కంప్యూటర్, సెట్టు జతని, రిపీటర్ డబ్బాలో పెట్టొద్దు. రాజమండ్రి వైపు లైసెన్సున్న ఒకరి ఇంట్లో పెట్టండి, అక్కడి నుంచి ఒకే వైపు గురిపెట్టే యాగీ యాంటెన్నా రావులపాలెం వైపు తిప్పి, అందరిలాగే గాలిలోంచే రిపీటర్‌లోకి రానివ్వండి. నెట్ పోయిందా, ఒక స్టేషన్ పోయినట్టు లెక్క, రిపీటర్ తన బ్యాటరీ మీద తాను నడుస్తుంది. తెగ్గొట్టే మనిషి ఎవరన్న ప్రశ్నకీ జవాబు దొరికింది, ఆ ఇంటాయనే. ఆయన నిద్రపోయేముందు స్విచ్ ఆపుకుంటే సరి.

చిక్కు ఒక్కటే. మనం పీటీటీ (మాట్లాడే బటన్) వదిలాక కూడా రిపీటర్ కాసేపు క్యారియర్ (మాట లేని ఖాళీ సిగ్నల్) నిలబెడుతుంది కదా, నోడ్ దాన్ని కూడా మాటే అనుకుని అవతలికి పంపుతూ ఉంటే అటువాళ్లకి సందు దొరకదు. అందుకని మనిషి మాట్లాడుతున్నంతసేపే రిపీటర్ సీటీసీఎస్‌ఎస్ టోన్ (మాటతో పాటు వెళ్లే, మనకి వినబడని గుర్తు శబ్దం) వదిలేలా, ఆ టోన్ ఉంటేనే నోడ్ వినేలా పెట్టుకోవాలి. మాట్లాడేవాళ్లు కూడా ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య రెండు సెకన్లు ఆగాలి, మనవాళ్లకి అదొక్కటే అలవాటవదు.

ఇక ఫోన్లో మాట్లాడితే రేడియో ఎలా అవుతుందన్న కోపం పాతదే. 1997లో కెనడాలో డేవిడ్ కామెరాన్ మొదలుపెట్టిన, ఇలాంటి నెట్ లింకే అయిన ఐఆర్‌ఎల్‌పీలో ఆ గొడవే లేదు, రెండు చివర్లా రేడియో ఉండాల్సిందే. 2002లో జోనథన్ టేలర్ తెచ్చిన ఎకోలింక్ కంప్యూటర్ నుంచీ రానిచ్చింది, కానీ అందులోనూ కంప్యూటర్, ఫోన్ వాళ్లని ఆపి లింకులు, రిపీటర్లనే లోపలికి రానిచ్చే సెట్టింగ్ ఉంది. అది పెట్టేయండి.

పాలకొల్లు మాస్టారు:
డబ్బాలోకి నెట్ తీగ రాదంటే నాకు పేచీ లేదు. ఒక షరతు మాత్రం పెడతాను. అక్టోబరు, నవంబరు నెలల్లో ప్రతి ఆదివారం నెట్‌కి లింకు ఆపేసి, ఇళ్లలో కరెంటు మెయిన్ కూడా దించేసి పిలవాలి. అంతర్వేది వైపు నుంచి, భైరవపాలెం నుంచి హ్యాండీ వినబడుతుందో లేదో అప్పుడు తేలుతుంది. అక్కడి నుంచి రాకపోతే రెండు కొబ్బరిచెట్లకి పదిహేను, ఇరవై అడుగుల ఎత్తులో 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ (తీగ యాంటెన్నా) కడదాం, అంత కిందికి కడితే సిగ్నల్ నిట్టనిలువుగా పైకెళ్లి, అయనోవరణానికి తగిలి తిరిగొచ్చి జిల్లా అంతా పడుతుంది. రిగ్ నాది తీసుకురండి, కుర్రాడికి ఆ వంక కూడా ఉండదు.

రాజోలు కుర్రోడు:
ఆయ్, మెయిన్ దించడానికి మా అమ్మ ఒప్పుకోదండి, ఫ్రిజ్‌లో చేపలుంటాయి. డైపోల్‌కి మాత్రం నేను రెడీ. సఖినేటిపల్లి వైపు చెట్టెక్కే మనిషి ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి.