కుక్కర్లో రాగి కేకు: అడుగు మాడుతోంది, నడుమ పచ్చిగా ఉంటోంది

కనిగిరి కోడలు
మాది కనిగిరి దగ్గర పల్లె. పోయినేడు మా చిన్నదాని పుట్టినరోజుకి మా ఆయన టౌన్‌లో కేకు కొని బండి మీద తెచ్చేసరికి, మే ఎండకి క్రీమంతా అట్టపెట్టెకి అంటుకుపోయింది. పిల్ల పేరులో రెండక్షరాలు మిగిలాయి. ఈసారి ఇంట్లోనే చేద్దామనుకున్నా. ఓవెన్ లేదు.

రెండు గ్లాసుల రాగిపిండి, గ్లాసు బెల్లం, మూడు నాటుకోడి గుడ్లు, అర గ్లాసు నూనె, గ్లాసు గేదె పాలు, రెండు చెంచాల వంటసోడా కలిపా. పాత కుక్కర్లో కల్లుప్పు పోసి, దాని మీదే గిన్నె పెట్టి, రబ్బరూ విజిలూ తీసేసి ముప్పావు గంట ఉంచా. అడుగు బొగ్గు. నడుమ చెంచా గుచ్చితే జావ. అంచు కొరికితే సబ్బు నాకినట్టుంది. మా అత్తమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "దీనికన్నా సంగటి నయం గదమ్మా" అని లేచిపోయింది. రెండుసార్లూ ఇంతే, ఆరు గుడ్లు పోయాయి. పుట్టినరోజు ఆదివారం. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

కావలి పాత మేస్త్రి
చాలా ఏళ్ళు బేకరీ పొయ్యి దగ్గర నిలబడ్డవాణ్ణి. అమ్మా, ఆ సబ్బు రుచి సోడాది. సోడా పనిచెయ్యాలంటే పులుపు తగలాలి, మీరు పోసింది పాలు. వాటి బదులు గ్లాసు పుల్లమజ్జిగ పొయ్యండి, సోడా అర టీస్పూన్ చాలు. దాంతోపాటు ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ వెయ్యండి, దాన్లో పులుపు కలిపే ఉంటుంది.

ఇక రాగి. గోధుమకున్న జిగురు దానికి లేదు. పొంగుతుంది గానీ నిలబడదు, కూలబడుతుంది. గ్లాసు రాగి, గ్లాసు గోధుమపిండి వెయ్యండి. పిండి తడిశాక ఎక్కువ తిప్పొద్దు, వెంటనే పొయ్యెక్కించండి. నాటు గుడ్డు చిన్నది, నాలుగు కొట్టండి.

ఉదయగిరి అక్క
ఉప్పు మీదే గిన్నె పెడితే మాడక ఏమవుతుంది చెల్లీ? మధ్యలో స్టాండు పెట్టు. అసలు ఉప్పే వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది. నా కుక్కరు అడుగున గుంటలు పడ్డాయి. ఇసుక జల్లించి, కడిగి, ఎండబెట్టి పొయ్యి. ముందు పది నిమిషాలు వేడెక్కనిచ్చి, గిన్నె పెట్టాక మంట బాగా తగ్గించు. అరగంట దాకా మూత తియ్యకు, తీసిచూసిన ప్రతిసారీ నడుమ కుంగుతుంది. బెల్లం కాసిని వేణ్ణీళ్ళలో కరిగించి వడకట్టు, అడుగున ఇసుక ఎంత తేలుతుందో చూడు. కలిపేది మాత్రం మా ఉదయగిరి చెక్క గరిటెతోనే!

దర్శి నాయనమ్మ (మనవడు టైపు చేస్తున్నాడు)
కుక్కరెందుకే? మినపరొట్టె ఎట్టా కాల్చేవాళ్ళం? మందపాటి గిన్నె, మీద బోర్లించిన పళ్ళెం, పళ్ళెం మీద నిప్పులు. కింద మంట ఉండకూడదు, నిప్పులే. కిందవి తక్కువ, మీదవి ఎక్కువ. కొబ్బరి చిప్పల నిప్పు చాలాసేపు నిలుస్తుంది. నీ కేకుకి కింద వేడే గానీ మీద వేడి ఏదీ? అందుకే పచ్చి.
(క్రీము సంగతి తనకి తెలీదంటోంది.)

కనిగిరి కోడలు
నిన్న నాయనమ్మ గారి పద్ధతే చేశా, పిండి మాత్రం మేస్త్రి గారి లెక్క. మొదటిసారి పళ్ళెం సరిగా కూర్చోక బూడిద లోపలికి రాలింది, అది కుక్కకి. రెండోది ముప్పై అయిదు నిమిషాలకి దింపా. పైన బీట తీసి, చెంచా గుచ్చితే పొడిగా వచ్చింది. అడుగు ఎర్రగా ఉంది, అంతే. మా అత్తమ్మ రెండు ముక్కలు తిని "బెల్లం ఇంకాస్త పడాల్సింది" అంది. ఆమె నోట్లో అంతకన్నా పెద్ద మెప్పు ఉండదు.

క్రీము మానేశా. పేరు వేరుశనగ పప్పులతో పేరుస్తా.

మేస్త్రి గారూ, ఒక చిక్కు. నాటు గుడ్లు అయిపోయాయి, కోడి పొదుగుడు కూర్చుంది. ఫారం గుడ్లు ఎన్ని వెయ్యాలి?

కావలి పాత మేస్త్రి
మూడు చాలు. కోడిని లేపకండి.