నిచ్చెన మీద టూల్స్ జారిపోతున్నయి, సామాను పట్టే బెల్టు గానీ బకిల్ గానీ ఎవరన్న వాడిండ్రా?

ఫైబర్ తమ్ముడు, ఉప్పల్:

అందరికీ నమస్తే. నేను ఉప్పల్ సైడ్ నెట్ కనెక్షన్లు ఇచ్చే పని చేస్తా, పోల్ నుంచి ఇంటిదాక ఫైబర్ లాగుడు, బాక్స్ బిగించుడు, లోపల రూటర్ పెట్టుడు, రోజుకు అయిదారు ఇండ్లు తిరగాలె. బ్యాగ్ కిందనే ఉంటది, పైకి ఎక్కేటప్పుడు టెస్టర్, వైరు పొర ఒలిచే స్ట్రిప్పర్, చిన్న స్క్రూడ్రైవర్ ప్యాంటు జేబుల పెట్టుకొని ఎక్కుతా, కటింగ్ ప్లేయర్ అయితే బెల్టుకే దోపుకుంటా. పోయిన వారం రామంతపూర్ల ఒక అపార్ట్‌మెంట్ దగ్గర రెండో ఫ్లోర్ ఎత్తుల ఉన్నప్పుడు ఆ ప్లేయర్ జారి పార్కింగ్‌ల పడ్డది. ఒక చిన్న పాప సైకిల్ తొక్కుకుంట అప్పుడే అక్కడి నుంచి పోయింది, రెండు సెకన్లు, అంతే. ఎవ్వరికీ ఏం కాలే కానీ ఆ చప్పుడు నా చెవుల ఇంకా అట్లనే ఉన్నది.

అందుకే ఆన్‌లైన్‌ల బెల్టులు చూస్తున్న. బకిల్‌లనే స్క్రూడ్రైవర్ బిట్లు, నట్లు విప్పే కంతలు, బాటిల్ ఓపెనర్ ఉన్నవి దొరుకుతున్నయి, బకిల్ లాగితే చిన్న కత్తి బయటికొచ్చేవి ఉన్నయి, లోపలివైపు జిప్ ఉండి పైసలు పెట్టుకునేవి ఉన్నయి, పారాకార్డ్ తాడుతో అల్లినవి కూడా ఉన్నయి, అవసరం పడితే విప్పి తాడు లెక్క వాడుకోవచ్చంటున్నరు. వీడియోల అన్నీ మంచిగనే కనిపిస్తయి. రోజూ వాడినోళ్లు చెప్పుండ్రి, బకిల్ టూల్ నిజంగ పనికొస్తదా? ఇంకొకటి, మా బాపు వచ్చే నెల తిరుపతి పోతుండు, ఒక్కడే. పోయినసారి రైల్ల పర్సు కొట్టేసిండ్రు, అందుకని ఆయనకు ఆ జిప్ బెల్టు కొందామనుకుంటున్న. రెండూ కలిపి బడ్జెట్ రెండు వేలు.

పాత లైన్‌మన్, సికింద్రాబాద్:

తమ్ముడూ, ముప్పై ఏండ్లు కరెంటు పోళ్లు ఎక్కి రిటైరైన. నీ పోస్టు చదివి ఊకుండబుద్ధి కాలే. ఇరవై అడుగుల మీదికెళ్లి జారిన వస్తువు నేలకు తగిలే టైముకు గంటకు 40 కిలోమీటర్ల దగ్గర దగ్గర స్పీడుల ఉంటది, అది పావుకిలో ప్లేయర్ అయినా సరే నెత్తి మీద పడితే ప్రాణం మీదికి రావచ్చు. నువ్వు భయపడ్డవు కదా, ఆ భయం మంచిదే, దాన్ని పోనియ్యకు.

ఇగ బకిల్ సంగతి. నిచ్చెన మీద బకిల్ టూల్ పనికిరాదు. దాన్ని వాడాలంటే ముందు బెల్టు విప్పాలె కదా, ఒక చెయ్యి నిచ్చెనకు పోతది, ఒక చెయ్యి వైరుకు పోతది, ఇగ బెల్టు విప్పెతందుకు చెయ్యేది? పైగా బిట్టు అంత పొట్టిగ ఉంటే బాక్స్ లోపలి స్క్రూ అందనే అందదు, పట్టుకొని తిప్పుదామంటే పిడి ఉండదు. కింద నిలబడి కుర్చీకో బండికో ఒక స్క్రూ బిగియ్యాలంటే సరే, అంతకుమించి ఆశ పెట్టుకోకు.

నీకు కావాల్సింది గట్టి బెల్టు ఒకటి, దానికి పక్కన తొడిగే తోలు సంచి ఒకటి, మూడు నాలుగు గదులున్నది. రాణిగంజ్ల హార్డ్‌వేర్ షాపులల్ల అడుగు, మంచివే దొరుకుతయి. సంచి ఉంటే సరిపోదు, ప్రతి టూల్‌కు తాడు కట్టాలె. టెలిఫోన్ వైరు లెక్క చుట్టలు తిరిగి సాగే తాళ్లు వస్తయి, ఒక కొస బెల్టుకు, ఒక కొస ప్లేయర్ పిడికి. చేతుల కెళ్లి జారినా నీ మోకాలి కాడ వేలాడుతది, కింద పడదు. ఇంకో మాట, ఎక్కువ వాడేది కుడి పక్కకు పెట్టు, నడుం వెనక వెన్నుబొక్క మీద మాత్రం ఇనుప సామాను ఎన్నడూ పెట్టకు. మాతోని చేసిన ఒకాయన వెల్లకిల పడ్డప్పుడు నడుం వెనకున్న స్పానరే ఆయన వెన్నుపూసను కొట్టింది, ఆరు నెలలు మంచం మీదున్నడు.

నడుం బెల్టును నమ్మి కిందికి వేలాడుదామని కూడ అనుకోకు. అమెరికాల 1998 జనవరి 1 నుంచి పడిపోకుంట ఆపేతందుకు ఉత్త నడుం బెల్టు వాడొద్దని రూల్ పెట్టిండ్రు, పడ్డప్పుడు బరువంతా పొట్ట మీద, వెన్ను మీద పడి లోపలి అవయవాలు దెబ్బతింటయి కాబట్టి. భుజాలకు తొడలకు పట్టీలుండే హార్నెస్ వేరే ఉంటది, మీ కాంట్రాక్టర్‌ను గట్టిగ అడుగు, అది ఇచ్చే బాధ్యత ఆయనదే.

తోలుపని, మల్కాజిగిరి:

పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. నేను ఉద్యోగం చేసుకుంటూనే ఆదివారాలు బెల్టులు, పర్సులు కుడతా, ఓ పదేళ్ల నుంచి. ఈ వెరైటీ బకిల్స్ చాలా విప్పి చూశా కాబట్టి కొన్ని చెప్తా.

ఎక్కువగా దొరికే టూల్ బకిల్స్ జింక్ మిశ్రమంతో పోతపోసినవి, పైన మెరుపు కోసం పూత ఉంటది. స్క్రూ గట్టిగా ఉంటే ఆ బిట్టు మొన అరిగిపోద్ది లేదంటే కంత అంచు విరిగిపోద్ది. స్టీల్‌తో చేసినవి బాగుంటాయి కానీ బరువు. ముందువైపు అంత బరువుంటే నిచ్చెన మీద వంగినప్పుడల్లా పొట్టలో గుచ్చుకుంటది. నా లెక్కలో బకిల్‌కి ఉన్న మొదటి పని బెల్టుని పట్టుకోవడం, ఆ పని చెడగొట్టి ఇంకోటి నేర్పిస్తే రెండూ పాడవుతాయి. బాటిల్ ఓపెనర్ మటుకు మినహాయింపు, దానికి కదిలే భాగం ఏదీ ఉండదు, ఒక గాడి ఉంటే చాలు, అందుకే అది ఎన్నేళ్లయినా పనిచేస్తది.

ఈ మొత్తం లైన్లో నాకు బాగా నచ్చిన ఐడియా మాత్రం బెల్టు కాదు. లెదర్‌మన్ అనే అమెరికా కంపెనీ 2015లో ట్రెడ్ అని చేతి కడియం తెచ్చింది. ఆ కంపెనీ ఆయన ఒకరు ఇంట్లోవాళ్లతో డిస్నీల్యాండ్‌కి వెళ్తే జేబులో ఉన్న టూల్‌లో కత్తి ఉందని సెక్యూరిటీ ఆపేశారట, అప్పుడు ఆలోచించి వాచీ గొలుసులా స్టీల్ లింకులు చేసి ఒక్కో లింకులో రెండు మూడు టూల్స్ పెట్టారు, మొత్తం 29. మణికట్టు మీద ఉంటది కాబట్టి విప్పినా ప్యాంటు జారదు, పెద్దాయన అడిగిన ప్రశ్నకి అది ఒక జవాబు. రేటు మన బడ్జెట్‌కి చాలా దూరం, ఆలోచన చూడమని చెప్తున్నా అంతే.

పారాకార్డ్ బెల్టు గురించి. 550 కార్డ్ అంటారు, 550 పౌండ్లు అంటే దాదాపు 250 కిలోల బరువుకి తెగుద్దని ఆ పేరు, లోపల 7 సన్న పోగులుంటాయి. బ్యాగు బండికి కట్టడానికి, కేబుల్ పైకి లాగడానికి బ్రహ్మాండంగా ఉంటది. కానీ మనిషి వేలాడటానికి కాదు. పైగా విప్పితే మళ్లీ అల్లడానికి ఒక పూట పట్టుద్ది, ఆలోపు నడుముకి బెల్టే ఉండదు. నాలుగు మీటర్ల తాడు విడిగా చుట్టి సంచిలో పడేసుకోవడం మేలు.

జిప్ బెల్టు లెక్క చూడు. 500 నోటు 150 మిల్లీమీటర్ల పొడవు, 66 వెడల్పు. పొడుగ్గా మూడు మడతలు పెడితే 22 మిల్లీమీటర్లకి వస్తది, 35 మిల్లీల బెల్టు లోపల కుట్టు పోను హాయిగా పట్టుద్ది. 45 సెంటీమీటర్ల జిప్ ఉంటే పొడవులో మూడు చోట్ల పెట్టొచ్చు, ఒక్కో చోట నాలుగైదు నోట్లు, అంతకంటే ఎక్కువ పెడితే ఉబ్బి బయటికి తెలిసిపోద్ది. అంటే ఆరేడు వేలు. కొనేటప్పుడు జిప్ లాగి చూడు, మధ్యలో పట్టేస్తుంటే వద్దు. బకిల్ కుట్టేసినది కాకుండా రెండు స్క్రూలతో బిగించినది తీసుకుంటే తోలు అరిగినా బకిల్ మిగులుద్ది, బకిల్ విరిగినా తోలు మిగులుద్ది. నీ పని ప్యాంటు లూపులు కొలుచుకో, జీన్స్‌కి, కార్గోకి 38 నుంచి 40 మిల్లీలు సరిపోతది, ఫార్మల్స్‌కి అది దూరదు.

కూకట్‌పల్లి అక్క:

తమ్ముడూ, నాన్నగారి విషయంలో ఒక్కటి చెప్తానండి, తోలు బెల్టు కొనే ముందు ఆగండి. 300 రూపాయల ప్రత్యేక దర్శనం టికెట్ తీసుకుంటే మగవాళ్లు పంచె గానీ పైజామా గానీ కట్టుకోవాలి, ప్యాంటు వేసుకెళ్లకూడదు. అలాంటప్పుడు ప్యాంటుకని కొన్న జిప్ బెల్టు రూములోనే ఉండిపోతుంది, డబ్బులన్నీ అందులోనే! పైగా మా ఇళ్లల్లో పెద్దవాళ్లు తోలు వస్తువులతో గుళ్లోకి వెళ్లరు. పంచె మీద కట్టుకునే తెల్లటి గుడ్డ బెల్టులు దొరుకుతాయి, వెల్క్రోతో అతుక్కుంటాయి, జేబు ఉంటుంది, కొన్నిటికి ఫోన్ కూడా పడుతుంది. పంచెలమ్మే ఏ షాపులో అడిగినా ఇస్తారు, ఖరీదు కూడా తక్కువే. పైన లాల్చీ వేసుకుంటే బయటికి కనపడదు.

మా నాన్నగారికి ఏం చేస్తామంటే డబ్బులు, ఆధార్ కాపీ చిన్న జిప్‌లాక్ కవర్లో పెట్టి ఆ జేబులో పెడతాం, ఎందుకంటే క్యూలో గంటలు గంటలు చెమటకి నోట్లు తడిసి ముద్దయిపోతాయి, ఒకసారి అనుభవమయింది. టీకి, బస్సుకి కావలసిన చిల్లర పైజేబులో వేరే. ప్రతిదానికీ నడుం దగ్గర తడుముకుంటూ తీస్తే డబ్బులెక్కడున్నాయో దొంగకి మనమే చూపించినట్టు.

అసలు మన అమ్మమ్మలందరూ ఈ పని బెల్టు లేకుండానే చేశారు కదా. రొంటిన డబ్బులు, వక్కాకు సంచి, నడుముకి తాళాలగుత్తి, మొలతాడుకి పిల్లాడి తాయెత్తు, పిన్నీసు. ఇప్పుడు మా డ్రెస్సులకి జేబులే ఉండవు. నేను హాస్పిటల్లో డ్యూటీ చేస్తాను, కత్తెర, ప్లాస్టర్, పెన్ లైట్ పెట్టుకోవడానికి నడుముకి చిన్న గుడ్డ సంచి కుట్టించుకున్నాను, ఇప్పుడు అది లేకపోతే చెయ్యి విరిగినట్టుంటుంది.

ఇంకో మాట, బొడ్డు కింద దురద, నల్లగా మచ్చ వచ్చిందని చాలామంది ఫంగస్ క్రీములు రాస్తూ ఉంటారు. బకిల్ మీద నికెల్ పూతకి ఎలర్జీ వచ్చినా సరిగ్గా అక్కడే అలా వస్తుంది, మన ఎండలకి చెమట పట్టి ఇంకా ఎక్కువవుతుంది. అలాంటి వాళ్లు షర్టు లోపల టక్ చేసి బకిల్ చర్మానికి తగలకుండా చూసుకోండి, తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌కి చూపించుకోండి.

గీతపని ఇంటోన్ని, భువనగిరి నుంచి ఎల్బీనగర్:

అన్నా, టూల్ బెల్ట్ అంటే బయటి దేశమోళ్ల ఐడియా అనుకుంటరు గని మా బాపు తాటిచెట్టు ఎక్కేటప్పుడు కట్టేదే అసలైన టూల్ బెల్టు. చెట్టుకు, మనిషికి కలిపి చుట్టేది మోకు, నడుముకు కట్టుకునేది ముస్తాదు. గీసే కత్తులన్నీ ముస్తాదులనే ఉంటయి, కల్లు పట్టే కుండ, లొట్టి కూడ నడుముకే తగిలించుకొని ఎక్కుతడు. నేను చిన్నప్పుడు కింద నిలబడి చూసేటోన్ని, బాపు కిందికి చూడకుంటనే చెయ్యి వెనక్కి పోనిచ్చి కావాల్సిన కత్తే తీస్తుండె. ఏ కత్తి ఏడ ఉన్నదో చేతికి తెలుసు, కంటితోని పని లేదు. నువ్వు గూడ సంచిల ప్రతి టూల్‌కు ఒక జాగా ఫిక్స్ చెయ్యి, ఒక్కరోజు కూడ మార్చకు, నెలరోజులకు చెయ్యే నేర్చుకుంటది. కత్తి మొన ఎప్పుడూ ఒంటి దిక్కు ఉండొద్దని కూడ బాపు చెప్తుండె.

అంత అనుభవం ఉన్నోళ్లు కూడ మోకు జారి పడి సచ్చిపోయిండ్రు, నడుములు పోయి ఇంట్ల కూసున్నోళ్లు మా ఊర్లనే ఉన్నరు. అందుకే 2024ల తెలంగాణ సర్కారోళ్లు మా గీతోళ్ల దేవుడు కాటమయ్య పేరుతోని గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇచ్చుడు మొదలుపెట్టిండ్రు. లైన్‌మన్ పెద్దనాయిన హార్నెస్ అన్నడు కదా, ఆ మాట ఇడిచిపెట్టకు అన్నా.

ఖాకీ ఇంటి పిల్ల, అంబర్‌పేట్:

కత్తి బకిల్ జోలికి పోకండి అన్నా. మా నాన్న పోలీసుల చేసి రిటైర్ అయిండు, ఆయనను అడిగి రాస్తున్న. ఇంట్ల వాడే కత్తి ఇంట్ల ఉంటే ఎవరూ ఏమనరు, బెల్టుల దాచిపెట్టిన కత్తితో చెకింగ్‌ల దొరికితే ఎందుకు దాచినవ్ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేం. శంషాబాద్ ఎయిర్‌పోర్టుల అయితే బెల్టు విప్పి ట్రేల పెట్టాల్సిందే, కత్తి ఉంటే లోపలికి తీసుకపోనియ్యరు. దాచే బెల్టు అంటే మనకు కొత్త కాదు, కేరళ యుద్ధవిద్య కళరిల ఉరుమి అని నడుముకు చుట్టుకునే మెత్తటి కత్తి ఉంటది, అది ఏండ్ల తరబడి నేర్చుకున్నోళ్ల చేతిల ఉండాల్సింది.

నాన్న ఇంకోటి చెప్పిండు, నాకు బాగ నచ్చింది. పోలీస్ ఆఫీసర్లకు భుజం మీదికెళ్లి అడ్డంగ ఒక పట్టీ వస్తది చూడండి, అది సామ్ బ్రౌన్ బెల్టు. ఆ సామ్ బ్రౌన్ ఇక్కడి బ్రిటిష్ సైన్యంల ఆఫీసర్, 1858ల యుద్ధంల ఎడమ చెయ్యి పోయింది. కత్తి తియ్యాలంటే ఒర పట్టుకునేతందుకు రెండో చెయ్యి కావాలె కదా, అది లేదు, అందుకే ఒర కదలకుండ బరువు భుజం మీద పడేటట్టు ఆ పట్టీ పెట్టించుకున్నడు. మీరు కూడ నిచ్చెన మీద ఒంటిచేతి మనిషే కదన్నా. టూల్స్ ఎక్కువైతే నడుం మీద ఒక్కదాని మీదనే బరువు వెయ్యకండి, భుజాలకు పట్టీలుండే సంచి బెల్టులు కూడ వస్తయి.

ఫైబర్ తమ్ముడు, ఉప్పల్:

అందరికీ దండాలు, ఇంత మంచిగ చెప్తరనుకోలే. నిన్న రాణిగంజ్ పోయి నాలుగు గదుల తోలు సంచి, మూడు సాగే తాళ్లు తెచ్చిన, పొద్దున ప్లేయర్, స్ట్రిప్పర్, టెస్టర్ మూడింటికీ కట్టుకొని ఎక్కిన. హబ్సిగూడల ఒక ఇంటికాడ స్ట్రిప్పర్ జారింది, మోకాలి కాడ ఆగింది. కింద ఎవ్వరూ లేరు గని గుండె ఒక్కసారి ఆగి మళ్ల కొట్టుకున్నది. హార్నెస్ సంగతి కాంట్రాక్టర్‌ను అడిగిన, చూద్దాం అన్నడు, వారం చూసి మళ్ల అడుగుత, ఈసారి మా అయిదుగురం కలిసి అడుగుతం. బాపుకు అక్క చెప్పిన పంచె బెల్టు తీసుకున్న, కట్టుకొని అద్దంల చూసుకున్నడు, మస్తుగుంది అన్నడు.

తోలుపని అన్నా, ఒక డౌట్. నా దగ్గర పాత బెల్టు ఒకటున్నది, మందమైన తోలు, మా తాతది, బకిల్ ఇత్తడి. సంచి దానికే తొడగొచ్చా, లేకుంటే బరువుకు తెగుతదా?

తోలుపని, మల్కాజిగిరి:

ఇత్తడి బకిల్ అయితే పారెయ్యకు తమ్ముడూ. తోలుని బకిల్ దగ్గర, కంతల దగ్గర రెండుగా మడిచి చూడు, సన్న గీతలు పగిలినట్టు కనిపిస్తే పైన రంగు పోయిందని కాదు, లోపల పీచు ఎండిపోయిందని అర్థం, అది బరువు మొయ్యదు. అలా ఉంటే బకిల్ విప్పి కొత్త పట్టీకి వేద్దాం, పట్టీకి డబ్బులు పెట్టుకో, కూలీ వద్దు. ఆదివారం పొద్దున పదింటికి రా, సంచి కూడా తెచ్చుకో, బరువు పెట్టి చూసి కంతలు కొడదాం.