లైట్‌హౌస్ యాడ్ఆన్‌లో లోకల్‌హోస్ట్ రిపోర్టు రావట్లేదు

కృష్ణాతీరం: ఫైర్‌ఫాక్స్‌లో లైట్‌హౌస్ (వెబ్ పేజీ వేగం వగైరా కొలిచి నూటికి స్కోరిచ్చే గూగుల్ టూల్) యాడ్ఆన్ వేశాను. బయటి సైట్లకు రిపోర్టు వస్తోంది, లోకల్‌హోస్ట్ 3000లో, అంటే నా కంప్యూటర్‌లోనే నడిచే నా పేజీకి మాత్రం ఎర్రర్. ఏ సెట్టింగ్ మార్చాలి? మొబైల్ స్కోరు డెస్క్‌టాప్‌లో సగం కూడా రాదేం? రిపోర్టు క్లయింటుకి ఎలా పంపాలి?

పాతబస్తీ_డెవ్: సెట్టింగ్ లేదండి. ఆ యాడ్ఆన్ మీ బ్రౌజర్‌లో ఏమీ కొలవదు. యూఆర్ఎల్‌ని గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌కి పంపి, వచ్చింది చూపిస్తుంది. మీ లోకల్‌హోస్ట్ వాళ్ల సర్వర్‌కి ఎలా అందుతుంది? క్రోమ్‌లో ఎఫ్12 నొక్కండి, లైట్‌హౌస్ ట్యాబ్ అందులోనే ఉంది. లాగిన్ పేజీలకూ అదే దారి.

రేవతి_యూఎక్స్: ఇన్‌కాగ్నిటోలో రన్ చేయండి, అక్కడ మామూలుగా ఎక్స్‌టెన్షన్లు నడవవు. మా టీమ్‌లో స్పెల్లింగ్ దిద్దే ఎక్స్‌టెన్షన్ ఒకటి ప్రతి పేజీలోకీ స్క్రిప్టు దూర్చేది. అది ఆపగానే టీబీటీ (స్క్రిప్టుల వల్ల పేజీ స్పందించకుండా ఆగే సమయం) సర్రున దిగింది.

తీరికలేదు: స్కోరు పట్టుకుని ఎందుకీ టెన్షన్? గూగుల్ చూసేది నిజం యూజర్ల డేటా, 28 రోజుల సగటు.

పాతబస్తీ_డెవ్: సగటు కాదు, 75వ పర్సెంటైల్, అంటే నూటికి 75 విజిట్లు హద్దు లోపు ఉండాలి. ఎల్‌సీపీ (పేజీలో పెద్ద భాగం కనిపించే సమయం) 2.5 సెకన్ల లోపు, సీఎల్ఎస్ (పేజీ అటూ ఇటూ జరగడం) 0.1 లోపు, ఐఎన్‌పీ (నొక్కితే స్పందించే సమయం) 200 మిల్లీసెకన్ల లోపు ఉంటేనే పాస్. తెలిసీ తెలియకుండా రాయకండి.

ఫాంట్_మేస్త్రి: మొబైల్ స్కోరుకి దెబ్బ ఫాంటు నుంచే. తెలుగు న్యూస్ సైట్లు ఎన్నింటిని 90 దాటించానో నాకు తెలుసు. ఫాంటు సబ్‌సెట్ చేసి (వాడని అక్షరాలు తీసేసి) వూఫ్2 అనే కుదించిన వెబ్ ఫార్మాట్‌లో పెట్టండి, తెలుగు అక్షరాల యూనికోడ్ రేంజ్ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ చాలు.

లక్ష్మి_ఎంపీఎల్: ఈ సలహాతోనే మా సైటు పాడైంది! హెడ్డింగ్‌లో "స్త్రీ" కాస్తా "స్‌త్‌రీ" అయింది. ఒత్తులకు విడిగా కోడ్ ఉండదు, అవి ఫాంటులోని జీసబ్ టేబుల్ (ఏ అక్షరాలు కలిస్తే ఏ రూపం రావాలో చెప్పే పట్టిక) నుంచి వస్తాయి. అది కొట్టేస్తే ఒత్తులన్నీ పోయినట్టే.

ఫాంట్_మేస్త్రి: పైఎఫ్‌టీసబ్‌సెట్ అనే కమాండ్ లైన్ టూల్ వాడితే ఒత్తుల గ్లిఫ్‌లు (అక్షర రూపాలు) దానంతటదే ఉంచుతుంది. ఆన్‌లైన్ కన్వర్టర్లలో కత్తిరించి నన్నంటే ఎలా?

లక్ష్మి_ఎంపీఎల్: కమాండ్ లైన్ అందరికీ వస్తుందా? సలహా ఇచ్చేవారు సగం చెప్పి వదిలేయకూడదు. పైగా మీ రేంజ్ కూడా చాలదు. ఇక్కడ మనమంతా రాస్తున్న "లైట్‌హౌస్"లో ట్ తర్వాత కనిపించని 200సీ ఉంది, అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు. గూగుల్ ఫాంట్స్ తెలుగు రేంజ్‌లో 200సీ, 200డీ రెండూ ఉంటాయి, చూసుకోండి.

ఫాంట్_మేస్త్రి: ఆ రెండూ చేర్చాలి, ఒప్పుకుంటాను. కన్వర్టర్ తప్పు మాత్రం నా నెత్తిన వేయకండి.

రేవతి_యూఎక్స్: అన్నా, అసలు అడిగిన కృష్ణాతీరం గారి పేజీలో తెలుగు ఫాంటు ఉందో లేదో కూడా ఎవరూ అడగలేదు! మొబైల్ మోడ్‌లో లైట్‌హౌస్ నెట్‌ని స్లో 4జీ స్థాయికి దించి, సీపీయూని నాలుగు రెట్లు నెమ్మది చేసినట్టు లెక్కిస్తుంది. తేడా ముందు అక్కడ చూడాలి.

కొత్తగా_చేరా: ఎల్‌సీపీ లాంటి కొలతలు చూపే వెబ్ వైటల్స్ ఎక్స్‌టెన్షన్ ఎలా సెట్ చేయాలి? ఐఎన్‌పీ అందులో వస్తుందన్నారు.

పాతబస్తీ_డెవ్: దానికి 2025 జనవరిలోనే సపోర్టు ఆపేశారు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో (అదే ఎఫ్12) పర్ఫార్మెన్స్ ప్యానెల్ తెరిస్తే ఎల్‌సీపీ, సీఎల్ఎస్, ఐఎన్‌పీ మూడూ లైవ్‌గా కనిపిస్తాయి. ఐఎన్‌పీ ఖాళీగా ఉంటే పేజీలో ఏదో ఒక బటన్ నొక్కండి, అప్పుడే అంకె పడుతుంది.