పుంజు కూయడం లేదు, మేత ముట్టడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న: మా పుంజుకు రెండేళ్లు. రెండు రోజులుగా కూత లేదు. ఈకలు ఉబ్బించుకుని, మెడ ముడుచుకుని ఓ మూల నిలబడుతోంది. రెట్ట ఆకుపచ్చగా, నీళ్లలా ఉంది. ఒళ్లు పట్టుకుంటే కాలిపోతోంది. జ్వరమేనా? ఇంట్లో ఎప్పటిదో యాంటీబయాటిక్ ఉంది, వేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: ఆ మందు వేయకండి, రోగమేదో ఇంకా తెలియదు. ముందు పుంజును మిగతా కోళ్లకు దూరంగా, ఈదురుగాలి తగలని వెచ్చటి చోట పెట్టండి. కోళ్లు జబ్బును చాలావరకు బయటపడనివ్వవు. మనం గమనించేసరికే ముదిరి ఉంటుంది, కాబట్టి ఇంకో రోజు చూద్దామని ఆగవద్దు.

ఒంటి వేడిని చేత్తో చూసి జ్వరం అనుకోలేం. కోడికి మామూలుగానే సుమారు 41 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. తిండి మానేసిన కోడికి పైత్యరసం వల్ల కూడా రెట్ట పచ్చబడుతుంది. అయితే మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం కూడా ఉంటే కొక్కెర తెగులేమో అని అనుమానించాలి. దానికి ముందుగా టీకా వేయించుకోవడమే తప్ప మందు లేదు. రెట్టలో నెత్తురుంటే అది వేరే సంగతి, పేగుల జబ్బు కావచ్చు.

ఇవేవీ లేకపోతే మెడ కింద, రొమ్ము పైన ఉండే మేత సంచి తడిమి చూడండి. రాత్రి మేత, నీళ్లు తీసేసి, తెల్లవారగానే చూడాలి. ఆరోగ్యంగా ఉంటే అప్పటికి ఖాళీ అయిపోతుంది. గట్టిగా ముద్దలా ఉందా, నీళ్ల బుడగలా మెత్తగా ఉండి నోరు పుల్లటి వాసన వస్తోందా? అలాగే రొమ్ము ఎముక కత్తిలా తగులుతోందా, తురాయి పాలిపోయిందా, నీలం తిరిగిందా, మలద్వారం దగ్గర ఈకల మొదట్లో పేలున్నాయా చూసి చెప్పండి.

మరొకరు: ఒక్క మాట. నోరు తెరిచి నీళ్లు పోయకండి. గాలిగొట్టం ద్వారం నాలుక వెనకే ఉంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నేనలా ఒక పుంజును పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ముక్కు అంచున ఒక్కో చుక్కే వేస్తే అదే చప్పరిస్తుంది. వేరే కోళ్లు కూడా ఉన్నట్టుండి చచ్చిపోతుంటే మాత్రం వట్టి చేతులతో ముట్టుకోకుండా వెంటనే పశువైద్యాధికారులకు చెప్పండి, బర్డ్ ఫ్లూ కావచ్చు.

అడిగినవారు: పొద్దున చూశాను. సంచి రాయిలా ఉంది. మిగతా కోళ్లు బాగున్నాయి. తలకిందులుగా పట్టుకుని కక్కించమంటున్నారు, చేయనా?

జవాబు: వద్దండీ! పైకి వచ్చింది గాలిగొట్టంలోకి పోతే ప్రాణానికే ముప్పు. గింజలు ఆపి, నీళ్లు మాత్రం అందుబాటులో ఉంచి, ఈ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

అడిగినవారు: తీసుకెళ్లామండీ. డాక్టర్ గారు సంచి కోసి, పీచులా చుట్టుకుపోయిన పొడవాటి గడ్డి ముద్ద తీసి కుట్లు వేశారు. నాలుగు రోజులైంది, ఆయన చెప్పినట్టే తడిపిన మెత్తటి మేత కొంచెం కొంచెంగా తింటోంది. గుంపులో ఎప్పుడు వదలమంటారు?

జవాబు: హమ్మయ్య! కుట్లు మాని, రెట్ట మామూలుగా వచ్చి, తగ్గిన బరువు తిరిగి పెరిగేదాకా ఆగండి. ఇంకో పుంజు ఉంటే, కొన్నాళ్లు వలకు అటూ ఇటూ ఉంచి అలవాటు చేశాకే వదలండి, లేకపోతే మళ్లీ పెత్తనం కోసం కొట్టుకుంటాయి.